ఆంగ్లపదం విప్పి చూస్తే

తిరుపతి రైలు స్టేషను వెలుపల నాలుగడుగులు వేస్తే వసతిగృహాల నామఫలకాలు వరుసగా కనబడతాయి. వాటిలో 'ఎకామొడేషన్' అనే ఆంగ్లపదాన్ని ఎన్ని విధాలుగా వ్రాశారో గమనించడం ఒక మంచి కాలక్షేపం. ఒకచోట ఒక 'సి' లోపిస్తుంది. మరొకచోట ఒక 'ఎమ్' లోపిస్తుంది. రెండూ లోపించిన ఫలకాలూ లేకపోలేదు. ఇందుకు రంగులు వేసినవాణ్ణి నిందించి ప్రయోజనం లేదు. పదమూడు అక్షరాల ఆ మాటను మన బడులలో పిల్లలచేత రాగం తీసి వల్లె వేయిస్తాము. పరీక్షనాడు ఆ పదమూడింటిలో ఒకటి ఎక్కడో జారిపోతుంది. జారిపోయినది ఏదో, అది అక్కడ ఎందుకు ఉండవలెనో, పిల్లవాడికి మనం ఎన్నడూ చెప్పి ఉండము.

నిజానికి ఆ మాటలో బెదరవలసినది ఏమీ లేదు. లాటిన్ భాషలో 'అడ్' అనగా వైపునకు, 'కమ్' అనగా కూడ, 'మోడస్' అనగా కొలత. కొలతకు సరిపోయేటట్లు అమర్చడం అని మొత్తంమీద భావం. వచ్చినవానికి తగిన చోటు చూపడమే కదా వసతి! 'అడ్'లోని డకారం తన ముందున్న కకారాన్ని చూచి తానూ కకారమైపోయినది. అందువల్ల 'సి'లు రెండు. 'కమ్'లోని మకారమూ, 'మోడస్'లోని మకారమూ ప్రక్కప్రక్కన కూర్చున్నవి. అందువల్ల 'ఎమ్'లు రెండు. చివర ఉన్న 'ఏషన్' క్రియను నామంగా మార్చే ప్రత్యయం. ఇదంతా క్రొత్త విద్యా? ఉత్ అనే ఉపసర్గకు చారణ పరమైతే ఉచ్చారణ అవుతుందనీ, తకారం చకారమైనదనీ మన విద్యార్థి తెలుగు గంటలో నేర్చుకొన్నదే. గంట మోగి ఇంగ్లీషు అయ్యవారు లోపలికి రాగానే ఆ నేర్పును సంచిలో పెట్టి మూసివేస్తున్నాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకడమంటే ఇదే.

ఆంగ్లమాధ్యమం పల్లెబడుల దాకా వచ్చిన ఈ రోజులలో తెలుగు వ్యాకరణం ఎందుకని తల్లిదండ్రులే కాదు, కొందరు ఉపాధ్యాయులు కూడ అడుగుతున్నారు. సంధులూ సమాసాలూ ప్రశ్నపత్రంలో కొద్ది మార్కుల సరకుగా మిగిలినవి. తెలుగు బోధించి బ్రతికేవాణ్ణి కనుక నా మాటలో స్వార్థం ఉన్నదని ఎవరైనా అంటే అననివ్వండి. ఉపసర్గ, ధాతువు, ప్రత్యయం అనే మూడింటినీ తెలుగు గంటలో సరిగా నేర్చిన పిల్లవాడికి ఆంగ్లపదాలు సగం లొంగినట్లేనని నా నమ్మకం. ఆంగ్లంలో వీటిని ప్రిఫిక్స్, రూట్, సఫిక్స్ అంటారు. ఆ ప్రిఫిక్స్ అనే మాట కూడ ఈ సూత్రం ప్రకారమే కట్టినది. 'ప్రి' అనగా ముందు, 'ఫిక్స్' అనగా తగిలించినది.

ఆంగ్లానికీ తెలుగుకూ స్వభావంలో ఒక పోలిక ఉన్నది. రెండూ రెండంతస్తుల మేడలు. క్రీ.శ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు, వాటి వెంట లాటిన్ మాటలు, విద్యావికాస యుగంలో గ్రీకు మాటలు వరదగా ఆ భాషలో ప్రవేశించినవి. ఆ 11వ శతాబ్దిలోనే రాజమహేంద్రవరంలో నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణకు పూనుకొని సంస్కృత పదసంపదను తెలుగు నుడికారంతో జతపరచినాడు. ఫలితం ఇంచుమించు ఒక్కటే. ఇంటిలో వాడుకొనే మాటలు క్రింది అంతస్తువి. శాస్త్రానికీ, సభకూ, కచేరీకీ కావలసినవి పై అంతస్తువి. మనకు నీరు ఉన్నది, జలం ఉన్నది. ఇల్లు ఉన్నది, గృహం ఉన్నది. ఆంగ్లేయుడికి వాటర్ ఇంటిమాట, అక్వేరియం పైఅంతస్తు మాట. పిల్లవాణ్ణి బెదరించే పొడవైన ఆంగ్లపదాలలో పెక్కు ఈ పైఅంతస్తువే. మన తత్సమాల వలెనే అవి ముక్కలుగా విడిపోతాయి.

తీసికొనిపోవడం అనే అర్థం గల 'హృ' ధాతువునుండి హారం వచ్చినది. దానికి ముందు ఏ ఉపసర్గ చేరితే ఆ అర్థం. ఆహారం తినేది, విహారం తిరిగేది, ప్రహారం దెబ్బ, సంహారం చావు, పరిహారం ఆ దెబ్బకో చావుకో ఇచ్చేది. సరిగా ఇటువంటిదే లాటిన్‌లోని 'పోర్ట్'. దానికీ అర్థం మోయడం, తీసికొనిపోవడమే. రైలు స్టేషనులో మూట మోసేవాడు పోర్టర్. చిత్తూరు చుట్టుప్రక్కల కర్మాగారాలలో తోతాపురి మామిడిగుజ్జును డబ్బాలకెక్కించి విదేశాలకు పంపుతారు. అది ఎక్స్‌పోర్ట్, అనగా బయటికి మోయడం. ఇంపోర్ట్ లోపలికి మోయడం. ట్రాన్స్‌పోర్ట్ ఒక దరినుండి మరొక దరికి మోయడం. సపోర్ట్ క్రిందనుండి మోయడం, అనగా ఊతమివ్వడం. రిపోర్ట్ చూచిన సంగతిని తిరిగి మోసుకొనివచ్చి చెప్పడం. ఇంపార్టెంట్ కూడ ఈ ఇంటి బిడ్డయే. లోపల బరువు గలది అని దాని భావం. మామిడితోటల పల్లెలో పెరిగిన పిల్లవాడికి వీటిలో ఎన్ని మాటలు బడికి రాకముందే తెలుసునో అడిగి చూడండి. అతనికి తెలియనిదల్లా అవి అన్నదమ్ములని మాత్రమే.

ఉపాధ్యాయ మిత్రులకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటున్నది. ట్రాన్స్‌ఫర్ అనే మాట వినగానే ఉలికిపడనివారు మన వృత్తిలో అరుదు. అందులోని 'ఫర్' లాటిన్‌లో భరించడానికి, మోయడానికి వాడే ధాతువు. సంస్కృతంలోని 'భృ' దానికి సోదరి. భారం, భరించు, భర్త అనేవి ఆ భృధాతువు సంతానమే. క్రిందినుండి మోయడం సఫర్. ట్రాన్స్‌ఫర్, సఫర్ ఒకే ధాతువునుండి పుట్టినవని నేను చెబితే ఒక మిత్రుడు, ఇందుకు భాషాశాస్త్రం ఎందుకండీ, అనుభవం చాలదా అన్నాడు. ఇన్‌స్పెక్షన్ సంగతి కూడ చెప్పుకొందాము. 'స్పెక్ట్' అనగా చూడడం, ఇన్‌స్పెక్షన్ లోపలికి చూడడం. సంస్కృతంలో స్పశుడు అంటే వేగులవాడు. ఆంగ్లంలో స్పై అన్నా వాడే. మూడు మాటలదీ ఒకటే మూలం. తనిఖీ అధికారులు క్షమింతురుగాక.

ఈ చుట్టరికం యాదృచ్ఛికం కాదు. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ సర్ విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలంనుండి వచ్చి ఉండవలెనని ప్రకటించినాడు. ఆ తరువాతి పండితులు దానిని ధాతువు ధాతువుగా నిరూపించినారు. ధాతువులే కాదు, ఉపసర్గలు కూడ చుట్టాలే. మన 'పరి' గ్రీకులో 'పెరి'. గణితంలో పెరిమీటర్ అంటే చుట్టూ కొలిచినది, అనగా చుట్టుకొలత. మన 'సు' గ్రీకులో 'యూ'. నీలగిరి చెట్టుకు యూకలిప్టస్ అనే పేరును 1788లో లెరిటియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టినాడు. దాని పూమొగ్గకు మూత ఉంటుంది కనుక 'బాగుగా కప్పబడినది' అని ఆ పేరుకు అర్థం. లేమిని చెప్పే మన అకారం అచ్చుకు ముందు 'అన్' అవుతుంది. అధర్మం అంటాము, కాని అనర్హుడు అంటాము. గ్రీకులోనూ అదే నియమం. దేవుడు లేడనేవాడు ఎథీయిస్ట్. నెత్తురు తక్కువైన జబ్బు ఎనీమియా, అక్కడ అచ్చు రాబోతున్నది కనుక నకారం వచ్చి చేరినది. అన్నిటికన్న నాకు ముచ్చట గొలిపేది, మర్యాద గల సభలో చెప్పకూడనిదీ అయిన మాట డిసెంటరీ. 'డిస్' మన దుస్ ఉపసర్గ. 'ఎంటర' మన ఆంత్రం, అనగా ప్రేగు. చెడిన ప్రేగుల జబ్బు. పెద్దాసుపత్రులలో గ్యాస్ట్రోఎంటరాలజీ అని వ్రాసి ఉన్న విభాగం పేరులోనూ ఆ ఆంత్రమే కూర్చుని ఉన్నది.

ఇంతమాత్రాన ఆంగ్లం సంస్కృతంనుండే పుట్టినదని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనేవారితో నేను ఏకీభవించను. అక్కచెల్లెండ్రలో ఒకరు మరొకరికి తల్లి కాజాలరు.

ఇంతవరకు చెప్పినదంతా తత్సమాల మాట. అచ్చతెలుగు సంగతి వేరు. ఆ వేరుదనాన్ని కనుగొన్నది కూడ ధాతువుల పరీక్ష వల్లనే. తెలుగు సంస్కృతజన్యమని పాశ్చాత్యపండితులు పలువురు నమ్ముతున్న కాలంలో, 1816లో, ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయినది. దాని పీఠికకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాఖ్య వ్రాసినాడు. ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో ప్రధానాధ్యాపకుడైన పట్టాభిరామశాస్త్రి సిద్ధపరచిన ధాతుమాల అతనికి ఆధారం. సంస్కృత ధాతువులను ఒక ప్రక్క, తెలుగు ధాతువులను ఒక ప్రక్క నిలిపి, రెంటికీ పొత్తు లేదని చూపినాడు. తరువాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను వరుసగా నిలిపి అవి ఒక్క కుదురువని చూపినాడు. కాల్డ్వెల్ గ్రంథం 1856లో వెలువడడానికి నలుబది ఏండ్ల ముందటి మాట ఇది. అరువు తెచ్చుకొన్న మాటలు ఎన్ని ఉన్నా, ధాతువు ఏ ఇంటిదో భాష ఆ ఇంటిదే అని దీని సారాంశం. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పరిశీలన గ్రంథరూపంలో అమెరికాలో వెలువడినది. అదే ఏడు బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వచ్చినది. మన ధాతువుల చరిత్ర గట్టి పునాదిమీద నిలిచినది అప్పుడే.

ఈ చరిత్రకూ మన తరగతిగదికీ సంబంధం ఏమంటారా? చాల ఉన్నది. అచ్చతెలుగుకు ఉపసర్గలు లేవు. మన క్రియ ధాతువుతో మొదలై వెనుకకు పెరుగుతుంది. చేయు, చేయించు, చేయించలేకపోయినాడు. ఎంత సాగినా సాగుదల అంతా చివరనే. కాదనడం కూడ చివరనే. చేయును అన్నవాడు చేయడు అనడానికి మాట మొదటిని ముట్టుకోడు. పుట్టినదాది తోకవైపు చూడడానికి అలవాటుపడిన చెవి మన పిల్లవానిది. కనుక ఆంగ్లంలో సఫిక్స్ అతనికి సులభంగా పట్టుబడుతుంది. మంచితనంలోని 'తనం' వంటిదే గుడ్‌నెస్‌లోని 'నెస్' అంటే చాలు. ఆడు–ఆట, పాడు–పాట, కోయు–కోత, మేయు–మేత తెలిసినవాడికి యాక్ట్–యాక్షన్ బోధపరచడం ఎంతసేపు? మా సీమలో చలికాలంలో అనపగింజలను నానబెట్టి, పితికి, పైపొట్టు తీసి వండే పితికిపప్పు తిననివారు లేరు. పితుకు అనే ధాతువు అందులో ఎంత స్పష్టంగా ఉన్నదో తినే పిల్లవాడే చెప్పగలడు.

చిక్కంతా ప్రిఫిక్స్ దగ్గరనే. అన్‌హ్యాపీలో మాట మొదలు కాకముందే కాదనడం జరిగిపోతున్నది. తెలుగు చెవికి అది వింత. ఇక్కడ పిల్లవాడికి తత్సమమే వంతెన కావలెను. అన్యాయం, అశాంతి, అనారోగ్యం అనే మాటలు అతడు దినమూ వినేవే. అన్యాయం అనే కేక వినబడని రచ్చబండ ఎక్కడున్నది? అక్కడినుండి ఎత్తుకొంటే అన్‌హ్యాపీకీ, అన్‌ఫెయిర్‌కూ రావడం ఒక్క అడుగు. నేరుగా ఆంగ్లంనుండి ఆంగ్లానికి నేర్పబోయే అయ్యవారు ఈ అడుగును దాటవేస్తున్నారు. పిల్లవాడు నీళ్ళలో పడుతున్నాడు.

తెలుగులో మాట ముందు చేరేవి అసలే లేవా, చిట్టెలుకలో చిట్టి లేదా అని అడిగే గడుసు విద్యార్థి ఉంటాడు. ఉండవలెను కూడ. అది చిఱు అనే విశేషణం, సమాసంలో పూర్వపదం. చిఱు, కడు, నడు, నిడు మొదలైనవాటి ఱకార డకారాలకు అచ్చు పరమైతే ద్విరుక్తటకారం వస్తుందని కదా సూత్రం! అట్లే కట్టెదురు, నట్టిల్లు, నిట్టూర్పు. తమిళంలో చిన్న ఊరును సిట్రూర్ అంటారు. మన చిత్తూరు పేరు అట్లే ఏర్పడినదని చెబుతారు. పది కిలోమీటర్ల దూరం నుండి బస్సులో వచ్చే విద్యార్థికి ద్విరుక్తటకార సంధి బోధించడానికి బస్సు నుదుటనున్న ఊరిపేరుకు మించిన ఉదాహరణ ఏమి కావలెను?

అయితే ఈ విద్యలో ఒక ప్రమాదం ఉన్నది. కోయడం నేర్చినవాడు కనబడినదల్లా కోస్తాడు. అంకుల్ అనే మాట మొదటి అక్షరాలు 'అన్' ఉపసర్గ వలె ఉన్నంతమాత్రాన అది లేమిని చెప్పదు. అది లాటిన్‌లో మేనమామను చెప్పే పదంనుండి వచ్చినది. రీడ్ అనే క్రియలో మరల అనే అర్థమిచ్చే 'రి' లేదు. మన అనపకాయలో 'అను' అనే ఉపసర్గ లేదు. సుత్తిలో 'సు' లేదు, ప్రత్తిలో 'ప్రతి' లేదు. తీసివేయగా మిగిలినది మాటగా నిలవవలెను. అది మరి నాలుగు మాటలలో అదే అర్థంతో కనబడవలెను. ఈ రెండు పరీక్షలకూ నిలిచినప్పుడే కోత సరియైనది. తిరుపతినే చూడండి. తిరు శబ్దం తమిళంలో శ్రీకి పర్యాయం, తిరుమలలోనూ అదే ఉన్నది. ఇక పతి అనగానే భర్త, ప్రభువు అనే సంస్కృతార్థం మనకు తోస్తుంది. శ్రీపతి అని తృప్తిపడతాము. కాని తమిళంలో పతి అంటే ఊరు, నివాసం అనే అర్థమూ ఉన్నది. ఊరిపేరుకు ఈ రెండవదే ఎక్కువ పొసగుతుందని నా అభిప్రాయం. భక్తులకు మొదటిది ప్రియమైతే నాకు తగాదా లేదు.

ఒకే ఉపసర్గకు రెండర్థాలు ఉండడం మరొక చిక్కు. మనకు 'వి' అట్టిది. విరూపంలో చెడును చెబుతుంది, విజ్ఞానంలో విశేషాన్ని చెబుతుంది. ఆంగ్లంలో 'ఇన్' అట్టిది. ఇన్‌కరెక్ట్‌లో కాదు అని, ఇన్‌స్పెక్ట్‌లో లోపలికి అని. రహదారిమీద పోయే పెట్రోలు బండ్ల వెనుక ఇన్‌ఫ్లేమబుల్ అని ఎఱ్ఱని అక్షరాలలో వ్రాసి ఉండేది. అక్కడి 'ఇన్' లేమిని చెప్పదు. లోలోపలికి మంట అంటుకొనేది అని భావం. అరకొరగా ఉపసర్గలు నేర్చినవాడు అది అంటుకోనిదనుకొని బీడీ వెలిగిస్తే ఏమవుతుంది? ఆ భయంతోనే ఇప్పుడు 'ఇన్' తీసివేసి ఫ్లేమబుల్ అనే వ్రాయడం పరిపాటి అయినది. ఇన్‌వాల్యుబుల్ అనే మాట కూడ పిల్లలను బోల్తా కొట్టిస్తుంది. అది విలువ లేనిది కాదు, విలువ కట్టరానిది. దీనికి నిఘంటువు వెదకనక్కరలేదు. మన అమూల్యం అట్లే ఏర్పడినది. మూల్యం లేనిదాన్ని పారవేస్తాము, అమూల్యమైనదాన్ని పెట్టెలో దాచుకొంటాము.

అందువల్ల ఉపాధ్యాయులు పట్టికలు కంఠస్థం చేయించకుండ ఉంటే మేలు. అంగడిలో దొరికే పుస్తకాలలో ఉపసర్గలు నూరు, ధాతువులు మున్నూరు అని జాబితాలు ఉంటాయి. వల్లె వేసే పదాలకు బదులు వల్లె వేసే ముక్కలు వచ్చినవి, అంతే. దానికంటె ఒక్క ధాతువు తీసికొని వారం దినాలు దానితో ఆడుకోవడం మంచిది. తెలుగు, ఇంగ్లీషు, విజ్ఞానశాస్త్రం చెప్పే ముగ్గురూ ఒక బల్లవద్ద కూర్చుంటే ఇంకా మంచిది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఆచార్యులు జి.ఎన్. రెడ్డిగారి తెలుగు పర్యాయపద నిఘంటువు దగ్గర ఉంటే దేశ్యమూ తత్సమమూ ప్రక్కప్రక్కన దొరుకుతాయి.

ఉంచడం అనే అర్థం గల 'ధా' ధాతువును చూడండి. నిధి, విధి, సంధి, పరిధి, సమాధి, ఉపాధి, అవధానం. పల్లెలో కూలికి పోయేవారి నోట ఉపాధి, గణితంలో పరిధి, వ్యాకరణంలో సంధి, సాహిత్యసభలో అవధానం. అన్నిటా ఒకే ధాతువు. దీనికి గ్రీకులో సోదరి 'థె', అందులోనిదే థీసిస్. మన 'ఉప' గ్రీకులో 'హైపో'. హైపోథిసిస్ అనగా వాదానికి అడుగున ఉంచినది. సింథసిస్ అనగా ఒకచోట చేర్చి ఉంచినది. ఉపసర్గలు వేరైనా ధాతువునుబట్టి, భావాన్నిబట్టి చూస్తే అది మన సంధియే. ఫోటో అనగా వెలుగు. ఆకు వెలుగుతో చేసే ఈ చేర్పునే విజ్ఞానశాస్త్రం అయ్యవారు కిరణజన్య సంయోగక్రియ అని ఒక పేరుతో, ఫోటోసింథసిస్ అని మరొక పేరుతో చెబుతున్నారు. రెండు పేర్లనూ విడివిడిగా వల్లె వేసే పిల్లవాడికి కిరణం ఎదుట ఫోటోను, సంయోగం ఎదుట సింథసిస్‌ను నల్లబల్లమీద వ్రాసి చూపడానికి రెండు నిమిషాలు చాలును.

ఆ తరువాత తరగతిలో చురుకైనవారు మరొకటి కావలెనని అడిగితే 'ఉపాధ్యాయ' శబ్దం ఇవ్వండి. అందులో ఉపసర్గలు రెండు, ధాతువు మాత్రం ఒకే ఒక్క అచ్చు. ఆ అచ్చు ఎక్కడ దాగినదో వెదకే పని వారిదే.